దీపం గూట్లో బెల్లం

పోయిన ఆదివారం మనుమరాలి చెయ్యి పట్టుకొని సండే స్కూలుకు పోయాను. ఆ రోజు పాఠం ఆశానిగ్రహం. టీచరు ఇంకా పెళ్లికాని పిల్ల, మంచి హుషారైనది. పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ముందు స్టీలు పళ్లెంలో ఒక చాక్లెటు, కాగితం విప్పి మరీ పెట్టింది. తను బయటికి పోయి వచ్చేదాకా ఎవరు ముట్టుకోకుండా ఉంటారో వాళ్లకు ఇంకొకటి ఇస్తానని చెప్పి, వీడియో తీసేటట్టు మూలన ఫోను నిలబెట్టి వెళ్లిపోయింది. తల్లులంతా కిటికీ దగ్గర గుమిగూడి నవ్వు ఆపుకుంటున్నారు. ఒక పిల్లవాడు చాక్లెటును వాసన చూసి మళ్లీ పళ్లెంలో పెడుతున్నాడు. ఇంకొకడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నాడు. ఒక చిన్నపిల్ల గోడ వైపు తిరిగి తనలో తాను పాట పాడుకుంటున్నది. చివరికి ఓడింది ఆ పిల్లే. గబుక్కున నోట్లో వేసుకొని, మింగక ముందే ఏడుపు లంకించుకున్నది. కిటికీ దగ్గర అందరూ పకపకా నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. అక్కడున్నది చాక్లెటే కానీ నా ముక్కుకు ఎండకు చెమర్చిన బెల్లం వాసన తగిలింది. ఆ వాసన తగిలితే నేను ఇప్పటికీ అక్కడి నుంచి లేచి పోతాను. మా ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు, షుగరు వస్తుందన్న భయంతో తీపి మానేశాననుకుంటారు.

మాది సాంచాల ఊరు. మరమగ్గాలను మా దిక్కు సాంచాలంటారు. పొద్దున లేస్తే పడుకునేదాకా వాడకట్టంతా వాటి చప్పుడే, అందుకే మా ఊరివాళ్లు ఎక్కడికి పోయినా కొంచెం గట్టిగానే మాట్లాడతారు. మా బాపు సాంచా నడిపేవాడు. ఇంటికి వస్తే నూలు దుమ్ము, గంజి, బీడీ కలిసిన వాసన ఆయన కంటే ముందు గడప దాటేది. మమ్మల్ని కన్న అవ్వ ఇంట్లోనే కూర్చొని నూలు కండెలు చుట్టేది. నేను, చెల్లె. ఈ నలుగురి మీదా మా బాపమ్మ, అంటే బాపు తల్లి.

బాపమ్మ బైబిలమ్మ. తెల్ల చీర కట్టుకొని, చేసంచి భుజానికి తగిలించుకొని చుట్టుపక్కల ఊళ్లన్నీ నడిచి వాక్యం చెప్పి వచ్చేది. ఆమె మొగుడు, మా తాత, తాగి తాగి చచ్చిపోయాడు. చెల్క భూమి, ఎడ్లు, చివరికి పెళ్లాం చెవుల కమ్మలు కూడా ఆ సీసాలోకే పోయాయి. తాత పోయిన తర్వాతే బాపమ్మ బాప్తిస్మం తీసుకున్నది. ఆశ అనేది మనిషిలోకి నాలుక మీది నుంచే దూరుతుందని ఆమెకు గట్టి నమ్మకం. బైబిల్లో చెప్పిన ఆత్మఫలాల్లో ప్రేమ మొదటిది, ఆశానిగ్రహం చివరిది. బాపమ్మ మాకు చివరి దానితోనే మొదలుపెట్టి, అక్కడే ఆపేసింది.

మా ఇంటి తలుపు పక్కన గోడలో దీపం గూడు ఒకటి ఉండేది. దేవుణ్ణి మార్చుకున్నాక అందులో దీపం పెట్టడం మానేశారు, నూనె మసి మాత్రం గూటికి అట్లాగే అంటుకొని ఉండేది. ఏడాదంతా అందులో దువ్వెన, అగ్గిపెట్టె పడి ఉండేవి. ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలు కాగానే బాపమ్మ వాటిని తీసేసి, గూడు తుడిచి, రెండు బెల్లం ముద్దలు పెట్టేది. ఒకటి నాది, ఒకటి చెల్లెది. ఈస్టరు దాకా ముట్టుకోవద్దు. శ్రమల దినాల్లో పెద్దవాళ్లు మాంసం మానేస్తారు, కొందరు ఒక్కపూట తింటారు. పిల్లలను మాత్రం ఏ ఇంట్లోనూ ఎవరూ పట్టించుకోరు. మా బాపమ్మ పట్టించుకున్నది. ఇంట్లో చక్కెర డబ్బా కూడా ఆ దినాల్లో ఖాళీ అయ్యేది, చాయ్ కూడా ఉత్తదే తాగేవాళ్లం.

బాపు సాంచా దగ్గరి నుంచి తెచ్చిన నూలుపోగులు తీసుకొని ఒక్కో ముద్ద నడుము చుట్టూ బిగించి ముడివేసేది బాపమ్మ. నాది ఎర్రపోగు, చెల్లెది పచ్చపోగు. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక పోగు కింద గోరు పెట్టి చూసేది. గోరు దూరిందంటే ముద్ద తరిగినట్టు, అంటే మేము నాకినట్టు. దొరికిన వాళ్లకు దెబ్బలు పడేవి కావు. బాపమ్మ ఒక్కనాడు కూడా మా మీద చెయ్యి ఎత్తలేదు, ఆమె శాంతం గురించి ఊరంతా చెప్పుకునేవాళ్లు. దొరికిన పిల్ల అందరి పళ్లేల ముందు కూర్చొని, గట్టిగా అన్నం ప్రార్థన చెయ్యాలి. మిగతా అందరూ తినాలి, ఆ పిల్ల చూడాలి. అంతే శిక్ష. మక్కజొన్న గటకలో పచ్చిపులుసు పోసుకొని జుర్రుకునే చప్పుడు ఆకలైన పిల్ల చెవికి ఎట్లా వినిపిస్తుందో నాకు బాగా తెలుసు.

"చేతులు కట్టుకొని కూసుంటె అది భయం పోరీ, ఆశానిగ్రహం కాదు. లోపల ఆశనే సంపాలె. ఇష్టం లేకుంట చేసుకోవాలె" అనేది బాపమ్మ.

మేమేమీ తక్కువ తినలేదు. పిల్లలం కదా, దారులు వెతికేవాళ్లం. బెల్లాన్ని అడుగువైపు నాకితే పైకి కనపడదని కనిపెట్టింది చెల్లె. పోగు వదులైతే దాన్ని ఉమ్ముతో తడిపేది. తడిసిన నూలు బిగుసుకుంటుందని సాంచాల ఊరి పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బాపుకు ఇవన్నీ తెలుసు. చూసి కూడా చూడనట్టు బీడీ ముట్టించుకొని బయటికి పోయేవాడు. ఒక్కోసారి అంగీ జేబులోంచి వేయించిన పల్లీలు తీసి తలుపు చాటున మా నోట్లో పోసేవాడు. పల్లీల మాట బాపమ్మ చెప్పలేదు కదా అని నవ్వేవాడు.

ఆ ఏడు పక్కింటి ఖాలా వాళ్ల రంజాను ఉపవాసాలు, అంటే రోజాలు, మా శ్రమల దినాలు కలిసి వచ్చాయి. ఖాలా ఇంట్లో మా ఈడు పిల్లలు పట్టపగలు రొట్టెలు తింటూ తిరిగేవాళ్లు. పొద్దుగూకితే ఆ ఇంట్లోంచి కర్జూర పండ్లు, పకోడీల వాసన, నవ్వులు గోడ దాటి వచ్చేవి. ఒకరోజు ఖాలా గోడ మీది నుంచి మాకు చెరొక కర్జూర పండు అందించబోతే బాపమ్మ చూసింది. మేము చేతులు వెనక్కి తీసుకున్నాం.

"బచ్చాలకు రోజా లేదమ్మా, ఎదిగినంక వాళ్లే ఉంటరు" అన్నది ఖాలా.

"మీది పొద్దుగూకితే తెగుతది. మాది తెగది" అన్నది బాపమ్మ. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో కనిపించిన గర్వం నాకు ఇంకా గుర్తుంది. ఖాలా పండ్లు కొంగులో వేసుకొని ఇంట్లోకి వెళ్లిపోయింది.

చలికాలంలో మొదలైన దగ్గు బాపును ఆ ఎండాకాలానికి మంచం పట్టించింది. సాంచా దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నారు. మనిషి పగ్గంలా అయిపోయాడు. అన్నం సయించేది కాదు. బాపమ్మ మంచం పక్కన కూర్చొని గంటల తరబడి ప్రార్థన చేసేది. తన కొడుకు తండ్రిలాగా కాలేదని, చుక్క ముట్టకుండా బతికాడని, చివరిదాకా గెలిపించమని దేవుణ్ణి అడిగేది. బాగు చెయ్యమని కూడా అడిగిందేమో, నాకైతే వినపడలేదు.

ఒకరోజు పొద్దున బాపమ్మ చర్చిలో ప్రార్థనకు పోయింది. నేను గడప మీద కూర్చొని పేలాలు ఏరుకుంటున్నాను. బాపు మెల్లగా అవ్వను పిలిచాడు.

"నోరంత చేదున్నదే. జర తీపేమన్న ఉంటె పెట్టు."

అవ్వ డబ్బాలన్నీ మూతలు తీసి చూసింది. ఏమీ లేదు. తర్వాత వచ్చి దీపం గూట్లోంచి చెల్లె ముద్ద తీసి, పచ్చపోగు పక్కకు జరిపి, కత్తితో ఒక ముక్క చెక్కింది. గిలాసలో నీళ్లలో కరిగించి చెంచాతో పోసింది. బాపు నాలుకతో పెదవులు తడుపుకొని, ఇది ఏ ఊరి బెల్లమే అని అడిగాడు. మీ అమ్మ బెల్లం అన్నది అవ్వ. ఇద్దరూ నవ్వారు. బాపుకు నవ్వితే దగ్గు వచ్చింది, అయినా నవ్వాడు. అవ్వ నోరారా నవ్వగా నేను చూడటం అదే ఆఖరు. పోగును మళ్లీ ముద్దకు బిగించబోయింది కానీ అది నిలవలేదు. మధ్యాహ్నం కాకముందే బాపు పోయాడు.

మా దిక్కు ఎవరింట్లోనైనా చావైతే ఆడవాళ్లు వీధి చివరి నుంచే శోకాలు పెట్టుకుంటూ వస్తారు. పోయినవాళ్ల మంచితనమంతా రాగం తీసి చెప్పుకుంటూ, ఒకరి మెడ ఒకరు పట్టుకొని ఏడుస్తారు. ఇంట్లో మనిషికి ఆ మెడలే ఆసరా. సాంచాలు ఆపి వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు, ఖాలా కూడా వచ్చింది. బాపమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"గీ ఇంట్ల ఏడుపు లేదు. నా కొడుకు ప్రభువు కాడికి పోయిండు. ఏడ్సెటోళ్లు బయటనే ఉండుర్రి."

లోపల అవ్వ బాపు కాళ్ల దగ్గర కూర్చొని ఉన్నది. గొంతులోంచి ఒక్క రాగం బయటికి వచ్చింది, ఇంకా మాట కాలేదు. బాపమ్మ గిర్రున వెనక్కి తిరిగి వచ్చి అరచేత్తో అవ్వ నోరు మూసింది. గట్టిగా కొట్టినట్టు కాదు, పాల గిన్నె మీద మూత పెట్టినట్టు నెమ్మదిగా. పది మందిలో మన విశ్వాసపు సాక్ష్యం పాడు చెయ్యొద్దని చెప్పింది. ఆ చేతి మీది నుంచి అవ్వ కళ్లు కనిపించాయి. అంత పెద్ద కళ్లు నేను అంతకుముందు చూడలేదు. తర్వాత చర్చివాళ్లు వచ్చి పాటలు పాడారు. అవ్వ కూడా పెదవులు కదిలించింది.

సమాధుల తోట నుంచి తిరిగి వచ్చాం. బాపమ్మ కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చింది. కూర్చోలేదు, నీళ్లు తాగలేదు. దీపం గూటి దగ్గరికి పోయి పోగుల కింద గోరు పెట్టింది. కొడుకును మట్టిలో పెట్టి వచ్చిన చెయ్యి అది. పచ్చపోగు కింద గోరు పూర్తిగా దూరింది.

చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి ఖాలా కిచిడీ వండి పంపింది. బాపమ్మ అందరికీ పళ్లేలు పెట్టి, చెల్లెను మధ్యన కూర్చోబెట్టి, ప్రార్థన చెయ్యమన్నది. చెల్లెకు సంగతి అర్థమైంది. నేను తినలేదు బాపమ్మా అని గొణిగింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు అది, కిచిడీ మీది నుంచి కళ్లు తిప్పుకోలేకపోతున్నది. అబద్ధం ఆశ కంటే పెద్ద పాపమని బాపమ్మ శాంతంగా చెబుతున్నది.

"అది తినలే. నేనే తీసిన. ఆయిన తీపి అడిగిండు, ఇచ్చిన" అన్నది అవ్వ.

బాపమ్మ అవ్వ వైపు తిరిగింది. కిచిడీ చల్లారిపోయింది.

"కొస దాక గెలిచిండు నా కొడుకు. గడప దాటేటప్పుడు నువ్వు వాని నోట్లె ఆశ పెట్టినవ్."

"బెల్లం నీళ్లే కద అత్తమ్మా" అన్నది అవ్వ.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ బాపమ్మ లేచి నిలబడింది. కొడుకు తాగకుండా, తిట్టకుండా ఎట్లా బతికాడో చెప్పింది. చివరి ఘడియలో అతని భార్య అతన్ని ఎట్లా ఓడించిందో కూడా చెప్పింది. ఈ బలహీనురాలి కోసం ప్రార్థన చెయ్యండని అడిగింది. పాస్టరు అయ్యగారు అవ్వను ముందుకు పిలిచి తల మీద చెయ్యి పెట్టాడు. సంఘమంతా కళ్లు మూసుకున్నది. నేను మూసుకోలేదు. అవ్వ ముఖంలో ఒక్క నరం కూడా కదలలేదు. ప్రార్థన అయ్యాక అయ్యగారు ఆమె నిబ్బరాన్ని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు విని ఆయన్ను ముందున్న బల్ల మీదే గుడ్డతో నోరు కట్టి కూర్చోబెట్టాలనిపించింది నాకు. ఇప్పటికీ అనిపిస్తుంది.

అవ్వ మళ్లీ ఏడ్వలేదు. తీపి ముట్టలేదు. ఎప్పుడైనా నేను అడిగితే, ఇష్టం లేకుంట చేసుకున్న బిడ్డా అనేది. ఎక్కడికి పోతుంది, అక్కడే ఉన్నది. కండెలు చుట్టి మమ్మల్ని సాకింది, అత్తకు వేళకు వండి పెట్టింది. చెల్లెకు మాత్రం నలుగురిలో కూర్చొని తినడం ఈనాటికీ చేతకాదు. పెళ్లిళ్లకు పోయినా వంటల దగ్గర ఒక మూలన నిలబడి గబగబా తినేసి వస్తుంది.

నాకు పెళ్లై పిల్లలు పుట్టిన తర్వాత బాపమ్మ జారిపడి మంచం పట్టింది. కాలితో పాటు మతి కూడా జారింది. ఇన్నేళ్లూ తొక్కిపెట్టినవన్నీ ఒక్కసారి పైకి వచ్చినట్టు, పొద్దున లేస్తే బెల్లం అడిగేది. పసిపిల్లలా చెయ్యి చాపి, బెల్లం పెట్టు పిల్లా అని అవ్వను బతిమాలేది. ఆమెకు షుగరు లేదు, ఏ డాక్టరూ వద్దనలేదు. నేను చూడటానికి పోయిన రోజు దీపం గూటి వైపు చూసి ఆగిపోయాను. దువ్వెన, అగ్గిపెట్టె లేవు. తుడిచిన గూట్లో ఒక బెల్లం ముద్ద ఉన్నది, నడుముకు తెల్లపోగు. మంచాన్ని గూటికి ఎదురుగా జరిపి వేశారు.

అవి శ్రమల దినాలు కావు, వానాకాలం. బెల్లం చెమర్చి వాసన ఇల్లంతా పట్టింది.

"ఇయ్యరాదే అవ్వా, పాపం" అన్నాను.

"ఆమె నేర్పిందే" అన్నది అవ్వ.

అవ్వ సేవలో వంక పెట్టడానికి ఏమీ లేదు. వేళకు అన్నం, వేళకు స్నానం. పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పేది. ఉతికిన తెల్ల చీర కట్టేది. బంగారంలాంటి కోడలని వాడకట్టంతా అనేవాళ్లు. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక, బాపమ్మకు బాగా కనిపించేటట్టు నిలబడి, పోగు కింద గోరు పెట్టి చూసేది. మంచం దిగలేని మనిషి బెల్లం తినలేదని అవ్వకు తెలియదా. అయినా చూసేది.

ఆ మధ్యాహ్నం అవ్వ వంటింట్లో సర్వపిండి కలుపుతున్నది. బాపమ్మ గూటి వైపే చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి రాగం ఎత్తుకున్నది. "నా కొడుకా, తీపి అడిగితివంట కొడుకా..." బాప్తిస్మం తీసుకోకముందు నేర్చిన రాగం, ఎక్కడా తప్పలేదు. నన్ను చూడకుండ పోతివి కొడుకా, నీ అంగీల పల్లీలు ఎవలు తినాలె కొడుకా అని ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఏడుస్తున్నది. పల్లీల సంగతి కూడా ఆమెకు తెలుసన్నమాట. నా చెయ్యి నాకు తెలియకుండానే ఆమె మెడ చుట్టూ పోయింది.

అవ్వ వంటింట్లోంచి వచ్చింది. తొందరేమీ లేదు. మంచం అంచున కూర్చొని, పిండి చేత్తోనే బాపమ్మ నోరు మూసింది.

"గీ ఇంట్ల ఏడుపు లేదు అత్తమ్మా."

నేను లేచి నిలబడ్డాను. అవ్వ తల తిప్పి నా వైపు చూసింది, నేను మళ్లీ కూర్చున్నాను. ఆ చేతి మీది నుంచి బాపమ్మ కళ్లు కనిపించాయి. ఆ కళ్లను నేను అంతకుముందు ఒకసారి అవ్వ ముఖంలో చూశాను. చెయ్యి తీశాక ముసలి బుగ్గల మీద అయిదు వేళ్లూ పిండితో అచ్చు పడ్డాయి. అవ్వ కొంగుతో శుభ్రంగా తుడిచి, వంటింట్లోకి పోయి సర్వపిండి కాల్చింది. బాగా కుదిరింది, అందరం తిన్నాం.

బాపమ్మ మళ్లీ ఏడ్వలేదు, బెల్లమూ అడగలేదు. వానలు తగ్గకముందే పోయింది. చావుకు వచ్చిన కొత్త అయ్యగారు అవ్వ నిబ్బరం చూసి, ఆశానిగ్రహమంటే ఈ కుటుంబాన్ని చూసి నేర్చుకోవాలని అందరికీ చెప్పాడు. అందరూ పోయాక అవ్వ బెల్లానికి కట్టిన పోగు విప్పి, ముద్దను బయట గోడ మీద పెట్టింది. చీమలు తిన్నాయి. తను నోట్లో వేసుకోలేదు, మాకూ పెట్టలేదు.

అవ్వ పోయినప్పుడు చెల్లె, నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చొని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అక్కడ మా నోరు మూసేవాళ్లు ఎవరూ లేరు. అయినా ఏడుపు ఎట్లా మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. ముసలిదైపోయిన ఖాలా ఒక్కతే మూలన కూర్చొని వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెను చూసి నాకు కడుపు మండిపోయింది. మా అవ్వకు మేము ఏడ్వాల్సిన ఏడుపు అది.

సండే స్కూల్లో నా మనుమరాలు గెలిచింది. టీచరు అందరి చేతా చప్పట్లు కొట్టించి రెండో చాక్లెటు ఇచ్చింది. ఇంటికి వచ్చి పిల్ల రెంటినీ టీవీ పక్కన అరలో పెట్టుకొని, రోజూ బడికి పోయేముందు ఒకసారి చూసుకొని పోతున్నది. తినడం లేదు. తినమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. నిన్న సాయంత్రం నేనే పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"తినరాదే బిడ్డా, మెత్తబడిపోతయి."

"వద్దమ్మమ్మా. నాకిప్పుడు ఇష్టమే లేదు. లేకుండ చేసుకున్న."

దానికి ఈ మాట ఎవరు నేర్పారో నాకు తెలియదు. ఎన్నేళ్లుగానో తీపి ముట్టని దాన్ని, ఒక చాక్లెటు తీసుకొని దాని కళ్ల ముందే నోట్లో పెట్టుకున్నాను. చూడు, ఏమీ కాలేదు, నువ్వు కూడా తిను అని చెప్పాలనుకున్నాను. నోరంతా అంటుకుపోయి మాట రాలేదు.

పిల్ల నన్ను జాలిగా చూసింది.

"నువ్వు ఓడిపోయినవ్ అమ్మమ్మా" అన్నది.

తర్వాత కుర్చీ జరుపుకొని, ఎక్కి, మిగిలిన చాక్లెటును నాకు అందకుండా పై అరలో పెట్టింది.